కొండ దిగే సైకిలుకు ఎలాంటి చక్రాలు?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను మాట్లాడబోయేది వంటల గురించీ కాదు, కుట్లు అల్లికల గురించీ కాదు. సైకిలు చక్రాల గురించి. "ఇదేమిటమ్మా, ఈవిడకీ సైకిలు చక్రాలకీ ఏమిటి సంబంధం?" అనుకుంటున్నారు కదూ? ఆరు నెలల కిందట ఎవరైనా నాతో ఈ మాటంటే నేనూ నవ్వేదాన్నే. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. సైన్సంటే నాకు తెలిసిందల్లా పొయ్యిమీద పాలు ఎప్పుడు పొంగుతాయన్నంతవరకే. కానీ ఆడపిల్ల తల్లికి అవసరం వస్తే ఏ విద్యయినా నేర్చుకోక తప్పదు. నేర్చుకున్నది నలుగురికీ చెబితే ఇంకో తల్లికి ఉపయోగపడుతుందని ఇలా మీ ముందుకు వచ్చాను.

మేము తార్నాకలో ఉంటాం. మా వారు గుమాస్తా. మా అమ్మాయి ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డుమీద నడకకు వచ్చేవాళ్ళు, నెత్తిన టోపీ పెట్టుకుని, వంగిన హ్యాండిలు మీదికి వాలి, రయ్యిన పోయే సైకిళ్ళ వాళ్ళను చూసే ఉంటారు. అందులో మా పిల్లొకతి. 2002లో జాతీయ క్రీడలు మన హైదరాబాదులో జరిగినప్పుడు సైకిలు పందాల కోసం యూనివర్సిటీ ఆవరణలోనే వెలోడ్రోమ్ కట్టారు. అంటే సైకిళ్ళు గుండ్రంగా తిరగడానికి, మలుపుల దగ్గర గోడలా ఏటవాలుగా లేచి ఉండే మైదానమన్నమాట. అక్కడ సాధన చేసేవాళ్ళను చూసీ చూసీ మా పిల్లకు ఈ పిచ్చి పట్టింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో ఎవరో వాడిన రేసు సైకిలు కొనుక్కుంది.

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం, స్నేహితులతో కలిసి అనంతగిరికి వెళ్ళింది. వికారాబాదు అవతల ఉన్న కొండలు అవి. మన మూసీనది పుట్టింది అక్కడే. ఆ రోజు సీనియరు విద్యార్థి ఒకతను తన చక్రాలు వేసుకొమ్మని ఇచ్చాడట. కార్బన్ చక్రాలు. వాటి రిమ్ము, అంటే టైరు కూర్చునే అంచు, మన మామూలు సైకిలుకున్నట్టు సన్నగా ఉండదు. టైరు దగ్గర నుంచి లోపలికి 60 మిల్లీమీటర్లు పలకలాగా ఉంటుంది. దాన్ని వీళ్ళు లోతు రిమ్ము అంటారు. చదును రోడ్డుమీద ఆ చక్రాలతో గాలిలో తేలినట్టు పోయానంది. కొండ ఎక్కడమూ బాగానే ఎక్కింది. దిగేటప్పుడే వచ్చింది ప్రమాదం.

రెండు పక్కలా చెట్లున్నంతసేపూ ఏమీ తెలియలేదట. ఒక మలుపు దగ్గర చెట్లు అయిపోయి, లోయ వైపు ఖాళీ వచ్చింది. అంతే, పడమటి నుంచి ఒక్క విసురుగాలి! ఎవరో ముందు చక్రాన్ని పట్టుకుని పక్కకు లాగినట్టు హ్యాండిలు తిరిగిపోయింది. సైకిలు రోడ్డు మధ్య గీత దాటి అవతలికి వెళ్ళింది. ఎదురుగా బస్సు. ఆ డ్రైవరు ఎవరో మహానుభావుడు, బ్రేకు వేశాడు. మూరెడు దూరంలో తప్పిపోయింది.

ఈ సంగతి రెండు రోజులు మాకు చెప్పలేదు. మూడో రోజు రాత్రి నా పక్కన పడుకుని చెప్పింది. తెల్లవారేసరికి ఇంట్లో పెద్ద గొడవ. "ఆ సైకిలు అమ్మి పారెయ్యండి" అన్నారు మా అత్తగారు. మా వారు ఏమీ అనలేదు గాని, సైకిలుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం కుదుటపడింది.

వారం రోజులు గడిచాయి. పిల్ల మాతో మాట్లాడుతూనే ఉంది, అన్నం తింటూనే ఉంది. కానీ సాయంత్రం పూట వరండాలో కూర్చుని, తాళం వేసిన ఆ సైకిలును గుడ్డతో తుడుచుకుంటూ ఉండేది. నా చిన్నప్పుడు గంటకు రూపాయి ఇచ్చి అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కిన రోజులు గుర్తొచ్చాయి. పెద్దమనిషినయ్యాక ఇంట్లో మాన్పించారు. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నా కూతురికైనా ఎందుకో తెలియాలి కదా అనిపించింది. తప్పు పిల్లదా, గాలిదా, చక్రానిదా? అది తేలిన తరువాతే తాళం సంగతి చూద్దామని మా వారితో చెప్పాను.

మర్నాడు ఇద్దరం తార్నాకలోనే మాకు తెలిసిన సైకిలు షాపుకు వెళ్ళాం. షాపాయన జరిగిందంతా విని, "అక్కా, గవి చదును రోడ్డుమీద, ట్రాక్ మీద ఉరికే చక్రాలు. గాలి కొట్టే గుట్టకు పనికొస్తయా? పిల్ల సూడు, ఎంత బక్కగుందో! గాలికి ఆగుతదా?" అన్నాడు. పిల్ల చదివిన ఫిజిక్సంతా ఆ రెండు మాటల్లో ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. ఎలాగంటారా? మన ఇంట్లో ఉన్న వస్తువులతోనే చెబుతాను.

గాలి బాగా వీచే రోజున డాబా మీదకు వెళ్ళండి. ఒక చేతిలో చేట, ఒక చేతిలో జల్లెడ పట్టుకుని, గాలికి అడ్డంగా నిలబెట్టండి. జల్లెడలోంచి గాలి దూరిపోతుంది, చెయ్యి కదలదు. చేట మాత్రం మణికట్టును మెలితిప్పుతుంది. సన్న రిమ్ము జల్లెడ లాంటిది. పుల్లల మధ్య ఖాళీలోంచి పక్కగాలి దాటిపోతుంది. లోతు రిమ్ము చేట లాంటిది. పూర్తిగా మూసేసిన చక్రం కూడా ఉంటుంది, దాన్ని డిస్కు చక్రమంటారు. అది పెద్ద పళ్ళెమే అనుకోండి.

అలాగైతే అసలా లోతు చక్రాలు చెయ్యడమెందుకు అని అడగవచ్చు. ఎదురుగాలిని అవి చక్కగా కోసుకుపోతాయి. వేగంగా పోయేవాడికి శక్తి ఆదా అవుతుంది. వెలోడ్రోమ్‌లో వాటికి తిరుగు లేదు. అక్కడ ఎదురుగా బస్సు రాదు, లోయ ఉండదు. ట్రాక్ సైకిళ్ళకు బ్రేకులే ఉండవంటే మీరు నమ్ముతారా? కాబట్టి తప్పు చక్రానిదీ కాదు. ఒకచోట పనికొచ్చింది ఇంకోచోట పనికొస్తుందనుకోవడమే తప్పు. పట్టుచీర కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోం కదా!

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ముందు చక్రమూ వెనక చక్రమూ ఒకటి కాదు. వెనక చక్రం పక్కలకు తిరగదు, పైగా మనిషి బరువు దానిమీదే ఎక్కువ పడుతుంది. గాలి తోసినా సైకిలంతటినీ కలిపి తోస్తుంది, మనిషి సర్దుకోగలడు. ముందు చక్రం హ్యాండిలుతో పాటు తిరిగేది. దానిమీద గాలి పడితే హ్యాండిలే తిరుగుతుంది. అందుకని తెలిసినవాళ్ళు చాలామంది ముందు తక్కువ లోతు, వెనక కాస్త ఎక్కువ లోతు ఉన్న రిమ్ములు వేసుకుంటారు. డబ్బులు చాలక ఒక్క చక్రమే మార్చగలిగితే ముందుదే మార్చాలి.

రెండోది మనిషి బరువు. ఎనభై కిలోల మగపిల్లవాడినీ, యాభై కిలోల ఆడపిల్లనూ గాలి ఒకే బలంతో తోస్తే ఎవరు ఎక్కువ కదులుతారు? ఆ సీనియరు అబ్బాయి మంచి మనసుతోనే ఇచ్చాడు. అతనికి ఆ చక్రాలతో ఎన్నడూ ఇబ్బంది కలగలేదు. కలగకపోవడానికి కారణం అతని ధైర్యం కాదు, అతని ఒంటి బరువు. ఇది మన ఆడపిల్లలందరూ గుర్తుపెట్టుకోవాలి. "నాకేం కాలేదు, నీకెందుకవుతుంది?" అనే మాట సైకిలు దగ్గర చెల్లదు.

మూడోది వేగం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగే సైకిలు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. మనం ఉలిక్కిపడి సర్దుకునే అర సెకనులో 7 మీటర్లు. అదే 25 కిలోమీటర్ల వేగమైతే అందులో సగం. పైగా వేగం పెరిగేకొద్దీ అదే పక్కగాలి చక్రం మీద ఇంకా గట్టిగా పనిచేస్తుంది. నిలకడగా వీచే గాలితో పెద్ద చిక్కు లేదు, దానివైపు కొద్దిగా ఒరిగితే సరిపోతుంది. చిక్కంతా ఉన్నట్టుండి వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయే విసురుగాలితోనే.

ఇక నాలుగోది, నాకు అన్నిటికంటే బాగా అర్థమైనది, వేడి. మా పిల్ల సైకిలు పాతరకం. బ్రేకు రబ్బర్లు రిమ్మునే పట్టుకుంటాయి. కొత్త సైకిళ్ళకు చక్రం నడుమ చిన్న పళ్ళెంలాంటిది ఉండి, బ్రేకు దాన్ని పట్టుకుంటుంది. దాన్ని డిస్కు బ్రేకు అంటారు. ఇందాక చెప్పిన డిస్కు చక్రం వేరు, ఇది వేరు. పేర్లు చూసి నేనూ మొదట తికమకపడ్డాను. మా పిల్ల కాగితం మీద లెక్క వేసి చూపించింది. మనిషీ సైకిలూ కలిపి 60 కిలోల బరువు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ శక్తి ఒక లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి 72 డిగ్రీల దాకా కాచడానికి సరిపోతుందట. చెయ్యి పెడితే కాలే నీళ్ళు! అందులో కొంత గాలి పంచుకుంటుంది నిజమే. కానీ భయపడి బ్రేకు పట్టుకుని మెల్లగా దిగితే ఎక్కువ భాగం రిమ్ముల్లోకే పోతుంది.

అల్యూమినియం గిన్నె తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లారుతుంది కూడా. రిమ్మూ అంతే. కార్బన్ రిమ్ము అలా వేడిని వదలదు. అందులోని జిగురు లాంటి పదార్థం మరీ వేడెక్కితే మెత్తబడి రిమ్ము చెడిపోవచ్చు, లోపలి ట్యూబూ పేలవచ్చు. మంచి కంపెనీలు ఎక్కువ వేడికి ఆగే రకాలు చేస్తున్నాయి, వాటికి బ్రేకు రబ్బర్లు కూడా వేరే ఉంటాయి. అయినా రిమ్మును పట్టే బ్రేకుతో ఘాటురోడ్డు దిగే కొత్తవాళ్ళకు అల్యూమినియమే మేలు. డిస్కు బ్రేకున్న సైకిలయితే ఈ భయం రిమ్ముకు లేదు. గాలి భయం మాత్రం దానికీ ఉంది.

ఇవన్నీ తెలిశాక చక్రాలు కొనడానికి కూర్చున్నాం. అంతవరకు ఆమె వాడుతున్నవి సైకిలుతో వచ్చినవి. పుల్లలు సడలి, రిమ్ము వంకర తిరిగి, ఎలాగూ మార్చవలసినవే. పిల్ల మనసు ఇంకా ఆ లోతు చక్రాల మీదే ఉంది. 45 మిల్లీమీటర్లవి తక్కువ ధరకు వస్తున్నాయంది. గాజులకని నేను వేస్తున్న చీటీ ఆ నెల పాడాను. "డబ్బు నేనిస్తాను. కానీ నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే నువ్వే ఎంచుకో" అన్నాను. రెండు రోజులు ఆలోచించి, 30 మిల్లీమీటర్ల లోతున్న అల్యూమినియం చక్రాలు కావాలంది. లోతు చక్రాలకు అయ్యే డబ్బులో మూడో వంతు కూడా కాలేదు. వద్దని మేము చెప్పి ఉంటే ఏడ్చేది. తానే లెక్కగట్టి తేల్చుకుంది కాబట్టి నవ్వుతూ తెచ్చుకుంది.

కొనేటప్పుడు నేను నేర్చుకున్నవి ఇంకో నాలుగు మాటలు చెబుతాను, రాసుకోండి.

అమ్మేవాళ్ళు తేలిక, తేలిక అంటారు. రెండు రకాల మధ్య తేడా ఎంతని అడిగితే 200 గ్రాములన్నారు. గ్లాసెడు నీళ్ళు! కొండ ఎక్కేటప్పుడు కాస్త సాయమేమో గాని, దిగేటప్పుడు దానికంటే గట్టితనమే ముఖ్యం.

ఒకే లోతులో కూడా ఆకారం చూడాలి. పాతరకాలు కత్తి మొనలాగా కోసుగా ఉంటాయి. ఇప్పటివి కడుపు గుండ్రంగా చేస్తున్నారు. గుండ్రనివి పక్కగాలికి అంతగా అదరవు.

టైరు మరీ సన్నం వద్దు. 28 మిల్లీమీటర్ల టైరు పడితే మంచిది, రోడ్డును బాగా పట్టుకుంటుంది. మా సైకిలులో అంత చోటు లేదు, 25 తోనే సరిపెట్టుకున్నాం. కొనేముందు చోటు కొలుచుకోవాలి. రాయిలాగా బిగుసుకునేంత గాలి కొట్టవద్దు. బరువు తక్కువున్న పిల్లకు తక్కువ గాలే చాలు.

చక్రం బిగించాక తిప్పి, వంకర లేదని చూసుకోవాలి. షాపాయన ఒక్కొక్క పుల్లనూ తంబూరా తీగలా మీటి చూశాడు. ఒక పక్క పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలట. ఏదైనా డబ్ డబ్‌మంటే అది వదులయిందన్నమాట.

చక్రం ఎంత మంచిదైనా దిగే తీరు కూడా తెలియాలి. చేతులు హ్యాండిలు కింది వంపులో ఉండాలి. బిగుసుకుపోకూడదు, మోచేతులు వదులుగా ఉండాలి. చెయ్యి బిగిస్తే గాలి దెబ్బకు ఒళ్ళంతా ఊగి, ఆ ఊపు మళ్ళీ హ్యాండిలుకే చేరుతుంది. హ్యాండిలు వణకడం మొదలైతే మోకాళ్ళతో పై కడ్డీని నొక్కిపట్టి, మెల్లగా వేగం తగ్గించుకోవాలి. మలుపులో కాదు, మలుపుకు ముందే రెండు బ్రేకులూ వేసుకోవాలి. చెట్లు ఎక్కడ అయిపోతున్నాయో, కొండ కోత ఎక్కడ ముగుస్తోందో ముందే చూసుకుంటే గాలి ఎక్కడ కొడుతుందో తెలిసిపోతుంది. పెద్ద బస్సు పక్కనుంచి పోతే ఒక క్షణం గాలి ఆగి, వెంటనే విసురుగా కొడుతుంది. చున్నీలు, రెపరెపలాడే వానకోట్లు వేసుకోకూడదు. అవి గాలికి తెరచాపలు, చక్రానికి ఉరితాళ్ళు. మరీ గాలిగా ఉంటే దిగి నడిపించుకు వెళ్ళాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇవన్నీ పిరికివాళ్ళ మాటలనుకోకండి. పెద్ద పెద్ద పందాలవాళ్ళే రిమ్ములకు హద్దు పెట్టుకుంటున్నారు. రోడ్డుమీద గుంపుగా సాగే పందాల్లో 2026 నుంచి రిమ్ము లోతు 65 మిల్లీమీటర్లు మించకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2025లో ప్రకటించింది. హవాయి దీవుల్లో జరిగే ఐరన్‌మ్యాన్ పోటీలో గాలి భయంతో డిస్కు చక్రాలను ఏళ్ళ తరబడి నిషేధించారు. ప్రపంచ వీరులకే లేని మొహమాటం మన పిల్లలకెందుకు?

అన్నట్టు, తాళంచెవి సంగతి చెప్పలేదు కదూ. కొత్త చక్రాలు వేసిన రోజు మా వారు ఏమీ అనకుండా తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టారు. మా అత్తగారు మాత్రం "మళ్ళీ మొదలు" అని గొణిగారు. మార్గశిరంలో పిల్లలంతా కలిసి శ్రీశైలం వెళ్ళారు. మన్ననూరు దాటాక నల్లమల అడవి, ఆ తరువాత దోమలపెంట, అక్కడినుంచి కృష్ణ ఒడ్డు దాకా వంకర టింకర ఘాటురోడ్డు. ఆ రోజు పొద్దుట నుంచి నేను పని చేశానో లేదో నాకే తెలియదు. పొయ్యి మీద పెట్టిన పప్పు అడుగంటింది. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. "అమ్మా, దిగేశాం. ఆనకట్ట కనిపించే చోట లోయలోంచి గాలి కొట్టింది. హ్యాండిలు కొంచెం అదిరిందంతే" అంది.

ఆ "అంతే" అన్న ఒక్క మాట కోసమే నేను ఇంత చదువూ చదివాను. ఆ ఫోను విని మా అత్తగారు, "స్వామిని దర్శనం చేసుకుని రమ్మను" అన్నారు.

సోదరీమణులారా, పిల్లలు కొండలెక్కుతామంటే మనకు భయం వెయ్యడం సహజం. ఆ భయంతో తాళం వెయ్యడం తేలిక. ఆ భయం ఎక్కడ పుట్టిందో వెతికి, దానికి తగిన చక్రం కొనిపెట్టడం కొంచెం కష్టం. కష్టమైనా చేసి చూడండి. మీ ఇంట్లో రేసు సైకిలుంటే ఈ సాయంత్రమే దాని ముందు చక్రం రిమ్ము ఎంత లోతుందో స్కేలు పెట్టి కొలవండి. మీ పిల్ల దగ్గర కూర్చుని అడిగితే మిగతా లెక్క తనే చెబుతుంది.